మోషీలో రెండు నెలలు: బసకు ముందే డబ్బు కట్టకండి

ప్రభుత్వాసుపత్రిలో నర్సులుగా పనిచేసి పదవీ విరమణ పొందిన నేనూ, మా చెల్లెలూ 2023 జూన్‌లో టాంజానియాలోని మోషీ పట్టణానికి రెండు నెలల స్వచ్ఛంద సేవకు వెళ్ళాము. ప్రయాణం, అనుమతి పత్రాలు ఇబ్బంది లేకుండా జరిగిపోయాయి. బస దగ్గరే మోసపోయాము.

మమ్మల్ని పంపిన ఏజెన్సీ మొదటి నెల గదికీ, రెండుపూటల తిండికీ తలకు 45,000 రూపాయలు ముందుగానే కట్టించుకుంది. జూన్, జూలై నెలలు అక్కడ చలికాలం. కిలిమంజారో పర్వతం కింది ఊరు కనుక తెల్లవారుజామున చన్నీళ్ళు పోసుకుంటే ప్రాణం జివ్వుమంటుంది. వేడినీళ్ళు ఉంటాయని నమ్మబలికినవారు, తీరా దిగాక గీజరుకు వారానికి 10,000 షిల్లింగులు వేరుగా ఇమ్మన్నారు. ఉదయం రెండు బ్రెడ్డు ముక్కలు, పాలు లేని టీ. రాత్రి రోజూ అన్నం, ఉప్పు చాలని రాజ్మా. "నీ మాట నమ్మి వచ్చానక్కా" అని ఒక్కమాట అని, చెల్లెలు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మేము సేవ చేసిన ఆసుపత్రి వార్డులో గంటల లెక్క వేరు. సూర్యోదయం నుంచి లెక్కిస్తారు కనుక అక్కడి భాష స్వాహిలీలో రెండు గంటలంటే మన ఉదయం ఎనిమిది. అది తెలియక మొదటి రోజు మధ్యాహ్నం రెండింటికి వెళ్ళాము. అప్పటికి రౌండ్లు ముగిశాయి. చిన్న నర్సులు పెద్దవారమని మాకు "షికమో" అని నమస్కరిస్తే, "మరహబా" అని బదులివ్వాలని వారమైతే గాని తెలియలేదు.

మా అవస్థ తెలిసి వార్డు సిస్టరు ఒక ఆదివారం భోజనానికి పిలిచారు. తినబోయే ముందు ఆమె కూతురు చెంబు, బేసిన్ తెచ్చి మా చేతులపై గోరువెచ్చని నీళ్ళు పోసింది. చెల్లెలు చేతులు వెనక్కి తీయకుండా అలాగే పట్టి ఉంచితే, ఆ పిల్ల నవ్వి మళ్ళీ పోసింది. ఉగాలి అంటే మన మొక్కజొన్న సంకటే. చిన్న ముద్ద తీసి, బొటనవేలితో గుంట చేసి, దానితో కూర అందుకోవాలి. కూర మన తోటకూరే, ఉల్లిపాయ, టమాటా వేసి వండారు. చెల్లెలు మారు అడిగి మరీ వేయించుకుంది.

రెండో నెలకు ఆ సిస్టరే తమ వీధిలో గది చూపించారు. ఇద్దరికీ కలిపి 2,40,000 షిల్లింగులు, అంటే సుమారు 8,000 రూపాయలు. తెల్లవారేసరికి గుమ్మం దగ్గర బకెట్టుడు వేడినీళ్ళు ఉండేవి. ఏజెన్సీ మాత్రం ఒక్క రూపాయి కూడా తిరిగి ఇవ్వలేదు. వెళ్ళేవారు మొదటి వారానికి మించి ముందుగా చెల్లించవద్దు. ఆసుపత్రి సిబ్బందిని అడిగి, గదికి స్వయంగా వెళ్ళి, కుళాయిలో నీళ్ళు వేడెక్కేదాకా నిలబడి చూశాకే మిగతా డబ్బు ఇవ్వండి.