నాలుగేళ్లు వాడాక: సైటు డ్రాయింగులు, పత్రాల యాప్ మీద నా అనుభవం

కోకాపేటలో ఒక హైరైజ్ సైటులో ప్లానింగ్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. డ్రాయింగులు, ఆర్‌ఎఫ్‌ఐలు (కన్సల్టెంట్‌ని సందేహాలు అడిగే పత్రాలు), పోర్ కార్డులు (కాంక్రీటు పోసే ముందు సంతకాలు పెట్టే చెక్‌లిస్టులు), టెస్ట్ రిపోర్టులు అన్నీ ఒకేచోట ఉంచే యాప్‌ను నాలుగేళ్లుగా రోజూ వాడుతున్నాం. ఇలాంటిది తీసుకోవాలా వద్దా అని ఆలోచిస్తున్న వాళ్ల కోసం రాస్తున్నాను.

అంతకుముందు సైటులో డ్రాయింగు మారితే కన్సల్టెంట్ మెయిల్ పంపేవారు, మేం వాట్సాప్ గ్రూపులో పెట్టేవాళ్లం. ఒక శుక్రవారం సాయంత్రం టాయిలెట్ స్లీవుల (స్లాబులో పైపుల కోసం వదిలే రంధ్రాల) డ్రాయింగుకి కొత్త రివిజన్ ఆర్3 వచ్చింది. గుడ్ మార్నింగ్‌లు, సిమెంటు లారీల ఫొటోల మధ్య అది ఎక్కడికో పోయింది. ప్లంబింగ్ మేస్త్రి జేబులో ఉన్నది ఆర్2. నాలుగు మడతలు పెట్టిన షీటు, మడతల దగ్గర కొలతలు కూడా చెరిగిపోయాయి. ఆదివారం రాత్రి స్లాబు పోశాం. తర్వాత చూసుకుంటే పదకొండు స్లీవులు 300 మిల్లీమీటర్లు పక్కకి ఉన్నాయి. గట్టిపడ్డ స్లాబుకి మళ్లీ రంధ్రాలు కోసే కోర్ కటింగ్‌కి నాలుగు రోజులు పట్టింది. కడ్డీ తెగిన రెండు చోట్లకి స్ట్రక్చరల్ కన్సల్టెంట్ దగ్గర లెటరు తెచ్చుకోవాల్సి వచ్చింది. ఆ వారమంతా టెన్షనే. పని ఎగ్గొట్టిన వాళ్లెవరూ లేరు, చేతిలో ఉన్న కాగితమే పాతది.

అందుకే ఈ యాప్‌లో నాకు అన్నిటికంటే విలువైనది ఒక్కటే: కొత్త రివిజన్ ఎక్కించగానే పాతది ట్యాబ్‌లో ముందుకు రాదు. కావాలంటే వెతికి తీయొచ్చు గానీ పొరపాటున తెరుచుకోదు. కాగితం మాన్పించాలని మొదట్లో చూశాం, కుదరలేదు. ఇప్పుడు ఏ3 ప్రింటు మూలన క్యూఆర్ కోడ్ ఉంటుంది. స్కాన్ చేస్తే తాజా షీటుకి ఆకుపచ్చ, రద్దయిన దానికి ఎరుపు. ఒడిశా నుంచి వచ్చిన బార్ బెండర్లు (కడ్డీలు వంచేవాళ్లు) ఇంగ్లిష్ మెనూ జోలికి పోరు, రంగు చూసి చెప్పేస్తారు.

ఆర్‌ఎఫ్‌ఐలు కూడా బాగా పనికొచ్చాయి. డ్రాయింగు మీద ఆ బీమ్ దగ్గరే గుర్తుపెట్టి, ఫొటో జోడించి అడుగుతాం. జవాబు పేరుతో, తేదీతో ఉంటుంది. ఫోన్లో "కానిచ్చేయండి" అన్న మాట ఆరు నెలల తర్వాత బిల్లు దగ్గర ఎవరికీ గుర్తుండదు. ఒక ఎక్స్‌ట్రా ఐటమ్ మీద కాంట్రాక్టరుతో వచ్చిన పేచీ ఆ జవాబు చూపించాక ఒక్క మీటింగులో తేలిపోయింది. పోర్ కార్డుకే 28 రోజుల క్యూబ్ రిపోర్టు (కాంక్రీటు బలం పరీక్ష ఫలితం) జతచేయడం వల్ల ఫైళ్ల వేట తప్పింది.

ఇబ్బందులూ ఉన్నాయి. మూడో బేస్‌మెంట్‌లో సిగ్నల్ ఉండదు. పైనుంచే సింక్ చేసుకుని దిగకపోతే ట్యాబ్‌లో నిన్నటి డ్రాయింగే ఉంటుంది, అంటే మళ్లీ పాత కథే. లైసెన్సు మనిషికొకటి కొనాలి కాబట్టి కొందరు సబ్ కాంట్రాక్టర్లు ఐదుగురికి ఒకే లాగిన్ వాడారు. ఎవరు చూశారో, ఎవరు ఒప్పుకున్నారో చెప్పే రికార్డుకి అప్పుడు విలువ ఉండదు. ఇది నేను గట్టిగా ఆపించాను. ఇక పత్రాలు సరైన చోట ఎక్కించే డాక్యుమెంట్ కంట్రోలర్ అనే మనిషి లేకపోతే యాప్ కొనకండి. మా దగ్గర ఆ అమ్మాయి రెండు వారాలు సెలవు పెడితే నలభై షీట్లు తప్పు ఫోల్డర్లలో చేరాయి.

సబ్‌స్క్రిప్షన్ ఆపేశాక డేటా ఏమవుతుందో కొనే ముందే రాతపూర్వకంగా అడగండి. 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం నిర్మాణ లోపాలకి ఇల్లు అప్పగించిన నాటి నుంచి 5 ఏళ్లు బిల్డర్‌దే బాధ్యత. ఫ్లాట్లు కొన్నవాళ్ల అసోసియేషన్‌కి ప్లాన్లు, పత్రాలు కూడా అప్పగించాలి. మేం ఒక టవర్ డేటా బయటికి తీసి చూశాం. పీడీఎఫ్‌లు సరిగ్గానే వచ్చాయి గానీ ఏ ఫొటో ఏ ఫ్లాటుదో చెప్పే ట్యాగులు పోయాయి. ఇప్పుడు ఫొటో ఫైలు పేరులోనే టవరు, అంతస్తు, ఫ్లాటు నంబరు రాయిస్తున్నాను.