బుల్లెట్టును ఇంట్లో ఎత్తేదెట్లా? సెంటర్ స్టాండు, ప్యాడక్ స్టాండు, జాకీ: ఏది మేలు?

కొండకు నాలుగు దఫాలు పోయొచ్చినాక బండి చైను ఎట్లుంటుందో తిరుపతోళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఎక్కేటప్పుడు 1974లో వేసిన రెండో ఘాట్ రోడ్డులో గేర్లు మార్చి మార్చి చైను సాగుతుంది. దిగేటప్పుడు 1944 నాటి పాత రోడ్డు మలుపుల్లో బ్రేకు ప్యాడ్లు అరుగుతాయి. చైను తుడిచి లూబ్ కొట్టేది, ప్యాడ్లు చూసుకునేది, పంచరైతే చక్రం విప్పేది, ఇవన్నీ ఇంటి ముందర కూర్చుని చేసుకోదగ్గ పనులే. చిక్కంతా ఒక్కచోటే ఉంది. చక్రం నేలను వదలాలి, బండి మాత్రం కింద పడకూడదు.

నాది రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350. 2021లో వచ్చిన కొత్త ఇంజన్ రకం, 195 కేజీలు. మా బామ్మర్దిది బజాజ్ డామినార్ 400, ఇంచుమించు అంతే, 193. ఇంటర్‌సెప్టర్ 650 అయితే 218. సిమెంటు మూటలతో లెక్కేస్తే ఒక్కో బండీ నాలుగు మూటలన్నమాట. అయితే ఆ నాలుగు మూటలనూ మనం ఒక్కసారిగా ఎత్తం. ఒక చక్రం లేపితే అందులో దాదాపు సగమే మన వంతు. ఆ సగాన్ని ఏ పనిముట్టు మీద వేస్తామన్నదే ఆలోచించుకోవాలి.

బండికి సెంటర్ స్టాండు ఉంటే వేరే బేరాలకు పోవద్దని నా మాట. అది ఫ్రేముకు బిగించి ఉంటుంది. అందుకే వెనక చక్రం విప్పినా, వెనక షాకులు (షాక్ అబ్జార్బర్లు) ఒక్కొక్కటిగా తీసినా బండి కదలదు. దాన్ని వేసేదాంట్లోనే చాలామంది నడుం పట్టించుకుంటారు. "బండిని లేపేది చేత్తో కాదురా, ఒంటితో" అని మా నాయన తన పాత బుల్లెట్టు దగ్గర నిలబెట్టి నేర్పించినాడు. బండికి ఎడమ పక్క నిలబడాలి. ఎడమ చేత్తో హ్యాండిల్, కుడి చేత్తో సీటు వెనకాల గ్రాబ్ రైల్ పట్టుకోవాలి. కుడి కాలితో స్టాండు కడ్డీని మెల్లగా నొక్కి, బండిని నిటారుగా నిలిపి అటూ ఇటూ కొంచెం ఊపితే రెండు కాళ్లూ నేలకు తగిలిన చప్పుడు వినిపిస్తుంది. టక్, టక్. ఒక్క టక్కుకే తొందరపడి తొక్కితే బండి అవతలి పక్కకు ఒరుగుతుంది. రెండూ వినబడినాక మోకాలు నిటారుగా పెట్టి ఒంటి బరువంతా ఆ కడ్డీ మీద వేయాలి. చేతులు బండికి దారి చూపిస్తే చాలు. కాలికి చెప్పులు కాదు, బూట్లుండాలి. హవాయి చెప్పుతో కడ్డీ తొక్కి జారినవాడి కాలి పిక్క చూస్తే మళ్లీ ఎవరూ ఆ పని చేయరు.

ఒళ్లు తేలికగా ఉన్నవాళ్లకు ఒక చిట్కా. వెనక టైరు కింద వేలు మందం చెక్క పెట్టి, దాని మీదికి బండిని నెట్టి, అప్పుడు తొక్కండి. బండిని లేపాల్సిన ఎత్తు ఆ మేరకు తగ్గిపోతుంది. చెక్క పలుచగా ఉంటే స్టాండు పడినాక టైరుకూ దానికీ మధ్య సందు కూడా మిగులుతుంది. అప్పుడు చెక్కను లాగేసుకోవచ్చు.

సెంటర్ స్టాండుకు ఒకే బలహీనత. బండి ముందుకు జరిగితే అది మడుచుకుంటుంది. గట్టిగా పట్టేసిన నట్టును పానాతో ముందుకు తోసే ఊపులో బండి స్టాండు దిగి వచ్చేస్తుంది. అందుకే స్టాండు కాలికి ఒక పట్టీ కట్టి ముందు చక్రానికి లాగి బిగిస్తాను. ముందు బ్రేకు లివర్‌ను పాత సైకిల్ ట్యూబు ముక్కతో కట్టేస్తాను. ఇంకొకటి, ఇది అన్ని పద్ధతులకూ వర్తిస్తుంది: యాక్సిల్ (చక్రం ఇరుసు) నట్టును బండి రెండు చక్రాల మీద నేలపై ఉన్నప్పుడే వదులు చేయాలి. గాల్లో ఉన్న బండి మీద బలం చూపించకూడదు. చివరి బిగింపు కూడా చక్రం నేలను తాకినాకే.

మరి డామినార్ లాంటి సెంటర్ స్టాండు లేని బండ్ల సంగతి? వాటికి ప్యాడక్ స్టాండే. వెనక చక్రాన్ని పట్టుకుని ఉండే స్వింగ్ ఆర్మ్‌కు రెండు పక్కలా బాబిన్లు (కొక్కేలు పట్టే చిన్న గుబ్బలు) బిగించుకుని, స్టాండు కొక్కేలను వాటికి తగిలించి, పొడవాటి పిడిని కిందికి అదిమితే వెనక చక్రం లేస్తుంది. బాబిన్లు పెట్టే రంధ్రాలు లేకుంటే రబ్బరు తొడుగులున్న ఎల్ ఆకారం కొనలు దొరుకుతాయి. కానీ అవి జారే గుణం ఉన్నవి, నాకు నమ్మకం తక్కువ. కష్టం ఎక్కడొస్తుందంటే, బండిని నిటారుగా పట్టుకునేది ఒకరు, స్టాండు తగిలించేది ఒకరు, ఇద్దరుండాలి. ఒక్కడే చేసేవాళ్లను చూశాను. వాళ్లకు చేయి తిరిగింది, మీకు తిరిగేదాకా పక్కింటి పిల్లోణ్ణి పిలుచుకోండి. వెనక స్టాండు వేయకుండా ముందు స్టాండు వేయడం మాత్రం వద్దు. పక్కకు పడకుండా ఆపే దిక్కే ఉండదు.

ప్యాడక్ స్టాండుతో చేయలేనిదొకటుంది. బరువంతా స్వింగ్ ఆర్మ్ మీదే నిలబడుతుంది గనక వెనక షాకు విప్పడం కుదరదు. విప్పితే బండి వెనక భాగం కిందికి కూలబడుతుంది. చైను, టైరు, బ్రేకు పనులకైతే దీనికి మించింది లేదు. చైను వదులు కొలిచేటప్పుడు మటుకు మాన్యువల్ చూడండి. కొన్ని బండ్లకు సైడ్ స్టాండు మీద కొలవమంటారు, కొన్నింటికి చక్రం లేపి కొలవమంటారు. రెండు కొలతలూ ఒకటి కావు.

ఇక జాకీ. పోయిన ఎండాకాలంలో ముందు చక్రం విప్పాలనుకున్నాను. బండి సెంటర్ స్టాండు మీదుంది, ముందు పక్క లేపాలి. ఇంట్లో కారు జాకీ ఉంది. ఇంజన్ కింద పెట్టి తిప్పుతా పోయాను. ముందు చక్రం రెండు వేళ్ల ఎత్తు లేచింది. ఆ జాకీ తల అరచేయంత కూడా లేదు. పైన ఇంజన్ గుండ్రం, కింద మా వరండాలో కడప రాయి. యాక్సిల్ లాగిన అదురుకు జాకీ పక్కకు తిరిగింది. బండి మెల్లగా, చాలా మెల్లగా కుడి పక్కకు పడుకుంది. బ్రేకు లివర్ విరిగింది, ట్యాంకుకు సొట్ట. జాకీ అడుగు దిగిన చోట రాయికి పెచ్చు లేచింది. కాళ్లూ చేతులూ బాగున్నాయి, అంతవరకూ అదృష్టం. తప్పు నాదే. కారు జాకీ కారు కోసం చేసింది.

బైకుల కోసం వెడల్పాటి పళ్లెం, దానిమీద రబ్బరు ఉండే హైడ్రాలిక్ జాకీలు వేరే ఉంటాయి. ఫ్రేము గొట్టాలు రెండు కింద పక్కపక్కన పోయే బండ్లకు అవి బాగా కుదురుతాయి. ఇంజనే అడుగున వేలాడే బండ్లకు అడ్డంగా ఒక మందపాటి చెక్క పెట్టి, ఆయిల్ డ్రెయిన్ బోల్టుకూ సైలెన్సర్ పైపుకూ తగలకుండా చూసుకోవాలి. ఇప్పుడు నేను అట్లాంటి జాకీని ముందు చక్రానికి తోడుగా మాత్రమే వాడతాను. బరువులో పెద్ద వంతు సెంటర్ స్టాండుదే, జాకీ బండి ముక్కును పట్టుకుని ఉంటుంది. రెండు పక్కలా పట్టీలు బిగించకుండా రెండు చక్రాలనూ జాకీ మీద లేపడం సర్కస్ పని.

సైడ్ స్టాండు మీద బండిని ఇంకా వంచి, అవతలి పక్క స్వింగ్ ఆర్మ్ కింద ఇటుక దూర్చి చైను తిప్పే పద్ధతి రోడ్డు పక్క మెకానిక్కులది. నిమిషం పనికి వాళ్లకు చెల్లుతుంది. ఇంట్లో వద్దు, సిమెంటు ఇటుక పగిలేముందు చెప్పదు. బోరు మోటార్లు లాగే చైన్ పుల్లీని స్లాబు ఫ్యాను కొక్కేనికి కట్టి బండిని వేలాడదీద్దామన్నాడు మా బామ్మర్ది ఒకసారి. ఆ కొక్కెం ఫ్యానుకు పెట్టింది, బుల్లెట్టుకు కాదు.

నేల సంగతి చాలామంది మరిచిపోతారు. మన ఇళ్ల ముందర వాన నీళ్లు రోడ్డుకు పోయేలా వాలు పెడతారు. ఆ వాలులో ముందు చక్రం పల్లం వైపు పెట్టి సెంటర్ స్టాండు వేస్తే బండే స్టాండును దిగి పోతుంది. మట్టి నేలలో ఒక కాలు దిగబడితే అదే గతి. నేను సమంగా ఉన్న చోటు చూసి కింద పాత ప్లైవుడ్ పలక పరుస్తాను. దించేటప్పుడు సైడ్ స్టాండు ముందే తీసిపెట్టి, ముందు బ్రేకు మీద చేయి ఉంచి, బండిని ముందుకు తోస్తాను.

ప్యాడక్ స్టాండు బామ్మర్దిదే గానీ మా వరండాలోనే ఉంటుంది. వాళ్ల మూడో అంతస్తు వాటాలో పెట్టుకునే చోటు లేదంట. నెలకోసారి డామినార్ తోలుకొచ్చి, "బావా, పట్టుకో" అంటాడు. స్టాండు తగిలించేది వాడు, నిటారుగా పట్టుకునేది నేను. చైను తుడిచేది కూడా నేనే.