పేకాట కాదండీ, పోకెమాన్: నెల్లూరులో రెండు రోజులు

"ఏందబ్బయ్యా, పిలకాయల్ని ఎంటబెట్టుకోని పేకాటేంది?"

లాడ్జీ మేనేజరు గుమ్మంలో నిలబడి అడిగాడు. నీళ్ల బాటిల్ తెచ్చిన కుర్రాడు మంచం మీద ముక్కలు పరిచి ఉండటం చూసి కిందికి పోయి చెప్పినట్టున్నాడు. ఇది పోకెమాన్ అండీ, పిల్లల ఆట, రేపు ఊళ్లో పోటీ ఉంది అని నేను చెబుతూనే ఉన్నాను. ఆయన వంగి ఒక కార్డు తీసి, ప్లాస్టిక్ తొడుగులో ఉన్న కాగితాన్ని వేలితో పక్కకు జరిపాడు. వెనకాల ఇస్పేటు రాజు.

తప్పు నాదే. మన దగ్గర లేని కార్డులతో ప్రాక్టీసు చేయాలంటే బొమ్మల్ని జిరాక్సు తీసి, పాత పేకముక్కల ముందు పెట్టి స్లీవ్‌లో దూరుస్తాం. ఉత్త కాగితమైతే కలిపేటప్పుడు బిగువుండదు. ఇదంతా ఆయనకు నచ్చజెప్పేసరికి పది నిమిషాలు పట్టింది. చివరికి మా మేనల్లుడు తన అసలు కార్డుల కట్టలోంచి, అంటే డెక్‌లోంచి మెరిసే గోల్డెంగో అనే పోకెమాన్ కార్డు తీసి చూపించాక, "మా మనవడి కాడ కూడా ఉండాయి ఇట్టాంటివి, పది రూపాయల పాకెట్టు" అని చల్లబడ్డాడు. అసలువీ పది రూపాయలవీ ఒకటి కావని మావాడు మొదలెట్టబోతే నేను కాలు తొక్కాను.

మాది ఒంగోలు. 2025 నవంబరులో ఒక ఆదివారం నెల్లూరులో పోకెమాన్ కార్డుల పోటీ ఉందని తెలిసి, తొమ్మిది చదివే మేనల్లుడితో కలిసి శనివారం బయల్దేరాను. కంపెనీ పెట్టే పోటీ కాదు, కొందరు కుర్రాళ్లు చందా వేసుకుని పెట్టుకున్నది. మనిషికి 400. మా ఊళ్లో నాకూ వాడికీ తప్ప మూడో మనిషికి ఈ ఆట రాదు. నాలుగు నెలలుగా మా ఇద్దరికీ ఒకరి ఎత్తులు ఇంకొకరికి కంఠతా వచ్చేశాయి. అట్లా ఆడితే ఎవడికీ ఏమీ రాదు. అందుకే ఈ ప్రయాణం.

పోయేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు బస్సు. దూరం 120 కిలోమీటర్ల పైచిలుకు. రైల్లో రెండు గంటలు కూడా పట్టలేదు. సైడు సీట్లో ఎదురెదురుగా కూర్చుని ఒక ఆట వేసుకోవచ్చన్నది నా ప్లాను. కావలి దాటకముందే ఫ్యాను గాలికి మావాడి బెంచ్, అంటే వెనక వరసలో పేర్చిన పోకెమాన్ కార్డులు, మొత్తం సీటు కిందికి పోయింది. టీ అమ్మే అతను ఒక ఎనర్జీ కార్డు (పోకెమాన్ దెబ్బ కొట్టడానికి కావలసిన శక్తి కార్డు) మీద కాలేసి, పాపం తీసి తుడిచి ఇచ్చాడు. రైల్లో ఆడొద్దు. డెక్ లిస్టు రాసుకోవడానికి, ఎవడి దగ్గర ఏ డెక్ ఉంటుందో ఊహించుకోవడానికి మాత్రం రైలే మేలు.

ఇక గది. కార్తీక మాసం, ఆపైన పెళ్లి ముహూర్తాలు. దొరికిన రెండింట్లో ఒకటి మాగుంట లేఅవుట్ వైపు ఏసీ హోటల్, 2,400. ఇంకోటి స్టేషన్‌కి నడిచి పోయేంత దగ్గర్లో లాడ్జీ, 900. నిద్రపోవడానికే కదా అని లాడ్జీ తీసుకున్నాను. ఈ రెండు రోజుల్లో చేసిన పిచ్చి పనుల్లో ఇదే పెద్దది. దుప్పట్లు శుభ్రం, బాత్రూములో బకెట్టుకు పగుళ్లు లేవు, మేనేజరు మనిషి మంచివాడు. కానీ గదిలో బల్ల లేదు. మంచం మీద పరుపు మధ్యలో గుంట, కార్డులన్నీ అందులోకి జారతాయి. కింద వీధిలో పెళ్లి బ్యాండు పన్నెండు దాకా మోగింది. వీటన్నిటికంటే అన్యాయం చేసింది చెమ్మ. రెండు రోజులుగా ముసురు, గోడలు చెమర్చి ఉన్నాయి. రాత్రంతా డెక్ బాక్సు మూత తీసి కిటికీ పక్కన పెట్టాను, అంత తెలివి నాది.

మెరిసే కార్డుకు ఒకవైపే ఫాయిల్ పొర ఉంటుంది. కాగితం తేమ పీల్చి సాగుతుంది, ఫాయిల్ సాగదు. దాంతో కార్డు అప్పడంలా వంగుతుంది. పొద్దున లేచి చూస్తే నా మెరిసే పోకెమాన్ కార్డులు, చారిజార్డ్‌లు రెండూ, పిజియాట్‌లు రెండూ వంగి కూర్చున్నాయి. మామూలు కార్డులు చక్కగా ఉన్నాయి. ఇంట్లో అయితే నవ్వుకునే సంగతి. పోటీలో అలా కాదు, డెక్ మీద ఏ కార్డు వస్తుందో వంపును బట్టి తెలిసిపోతే అది గుర్తు పెట్టుకున్న కార్డు కిందే లెక్క. మావాడు హోంవర్కు కోసం తెచ్చి తెరవని సోషల్ పుస్తకం కింద పెట్టి, దాని మీద బ్యాగు పెట్టి, దాని మీద వాణ్ణి కూర్చోబెట్టాను.

వాడు కూర్చున్న గంటలో నేను రంగనాయకస్వామి గుడికి పోయి వచ్చాను. పెన్న ఒడ్డున ఇంకా చీకటి. అరటి దొప్పల్లో దీపాలు వదులుతున్న ఆడవాళ్లు, తడి చీరలు, కర్పూరం. వెనక్కి వస్తూ ఒక టిఫిను బండి దగ్గర కారం దోసె పార్శిల్ కట్టించాను. నెల్లూరు కారం దోసెకు వంక పెట్టేది లేదు. కానీ ఆట ఉన్న రోజు పొద్దున అది తినకండి, చేతికి నూనె, నోటికి మంట, తొడుగుల మీద ఎర్రటి వేలిముద్రలు. ఇడ్లీ తినండి.

పోటీ దర్గామిట్ట వైపు ఒక మీటింగు హాల్లో. తొమ్మిదన్నరకు అన్నారు, పదకొండుకు మొదలైంది. లిఫ్టు లేదు. ఫంక్షన్ల టేబుళ్ల మీద శాటిన్ గుడ్డ పరిచారు, చూడ్డానికి పెళ్లి భోజనాల్లా ఉంది. ఆ గుడ్డ మీద కార్డు నిలవదు, జారిపోతుంది. సొంత మ్యాట్ తెచ్చుకున్నవాడు బతికాడు. మంచినీళ్ల క్యాన్లు మాత్రం రోజంతా నింపుతూనే ఉన్నారు, కరెంటు పోతే జనరేటరు నిమిషంలో అందుకుంది. జడ్జి ఒక్కడే, ఆ జడ్జి కూడా పోటీలో ఆడుతున్నాడు. తన ఆట మధ్యలో లేచి వచ్చి మన గొడవ తీర్చాలి. అతని తప్పు కాదుగానీ పెట్టినవాళ్లు ఆలోచించాల్సింది. ఆడని మనిషికి భోజనం పెట్టి అయినా కూర్చోబెట్టాలి.

మూల టేబుల్ మీద ఒకతను విడి కార్డులు, స్లీవ్‌లు అమ్ముతున్నాడు. ఊళ్లో మామూలు ఫ్యాన్సీ షాపుల్లో అడిగితే బంగారు రంగు పది రూపాయల పాకెట్లే చూపించారు కాబట్టి ఇతను దేవుడిలా కనపడ్డాడు. కొనేముందు కార్డు వెనక ఫోను లైటు పెట్టి చూడనిచ్చాడు. అసలు కార్డు మధ్యలో సన్నటి నల్ల పొర ఉంటుంది, నకిలీలో వెలుతురు ఇవతలికి తన్నుకొస్తుంది. అడక్కుండానే లైటు పెట్టుకోమన్నవాడి దగ్గర ధర కాస్త ఎక్కువైనా కొనొచ్చు. 65 స్లీవ్‌ల పాకెట్ ఒకటి తీసుకున్నాను.

ఆట తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. డెక్‌లో సరిగ్గా 60 కార్డులు. మామూలు ఎనర్జీ తప్ప ఒకే పేరున్నవి నాలుగుకు మించకూడదు. మొదట్లో ఇద్దరూ ఆరేసి కార్డులు బోర్లా పక్కన పెడతారు, అవి ప్రైజులు. ఎదుటివాడి పోకెమాన్‌ని పడగొట్టినప్పుడల్లా మన ప్రైజుల్లోంచి ఒకటి తీసుకుంటాం, 'ఈఎక్స్' రకాన్ని పడగొడితే రెండు. ఆరూ ముందు తీసినవాడు గెలిచినట్టు. చిక్కల్లా ఒకటే, మనకు ప్రాణం లాంటి కార్డు ఆ బోర్లా పెట్టిన ఆరింట్లోనే ఇరుక్కోవచ్చు.

24 మంది, ఐదు రౌండ్లు, రౌండుకు ఒకే ఆట, అరగంట టైము. మొదటి రౌండు నాకు ఆరో తరగతి పిల్లవాడు తగిలాడు, గెలిచాను, దాన్ని గురించి గొప్పలు చెప్పుకోను. రెండో రౌండులో ఎదుటి కుర్రాడు డెక్ కోస్తూ ఆగి, "అన్నా, ఈడ సందు కనపడతా ఉంది" అన్నాడు. సోషల్ పుస్తకం పని చేయలేదు. జడ్జి వచ్చి చూసి, మొత్తం కొత్త స్లీవ్‌లు వేసుకోమని, ఫాయిల్ కార్డుల్ని వెనక్కి వంచి సరిచేసుకోమని హెచ్చరించి వదిలేశాడు. అరవై కార్డులకు తొడుగులు మార్చేసరికి టైము మింగేసింది, ఆట డ్రా. ఆ 1,500 తేడాకు ఏసీ గది తీసుకుని ఉంటే గెలుపుకు వచ్చే మూడు పాయింట్లలో ఈ రెండు పోయేవి కావు.

మూడో రౌండు ఇప్పటికీ నిద్రలో వస్తోంది. అతనిది డ్రాగాపల్ట్ అనే పోకెమాన్ ఉన్న డెక్. ఇద్దరికీ రెండేసి ప్రైజులు మిగిలాయి. ఎదురుగా దెబ్బ తగలని డ్రాగాపల్ట్ ఈఎక్స్, ప్రాణం 320. నా చారిజార్డ్ ఈఎక్స్ దెబ్బ 180, దానికి తోడు ఎదుటివాడు తీసుకున్న ఒక్కో ప్రైజుకు 30 కలుస్తుంది. అతను నాలుగు తీశాడు, అంటే నా దెబ్బ 300. ఇరవై తక్కువ. నా బెంచ్ మీద డస్కల్ అనే పోకెమాన్ ఉంది. దాని మీద డస్‌క్లాప్స్ కార్డు వేసి మారిస్తే అది తనను తాను బలిచ్చుకుని 50 నష్టం పెడుతుంది. అది చచ్చినందుకు అతనికి ఒక ప్రైజు దక్కుతుంది కాబట్టి నా దెబ్బ కూడా 330 అవుతుంది. డ్రాగాపల్ట్ పడుతుంది, నా రెండు ప్రైజులూ వస్తాయి, ఆట నాది.

పిజియాట్ ఈఎక్స్ ఉంటే టర్నుకు ఒకసారి డెక్ అంతా వెతికి కావలసిన కార్డు తెచ్చుకోవచ్చు. ముందు వెతకాలి. నేనేమో అలవాటు కొద్దీ ముందు అయోనో కార్డు వేశాను. దాని పని ఇద్దరి చేతుల్నీ అడుక్కి తోసి, మిగిలిన ప్రైజులెన్నో అన్నే కార్డులు తీయించడం. అతని చేతిలో రెండే మిగిలినందుకు లోపల మురిసిపోయాను. ఆ తర్వాత తీరిగ్గా డెక్ చేతిలోకి తీసుకుని డస్‌క్లాప్స్ కోసం వెతికాను. లేదు. మళ్లీ మొదటి నుంచి చూశాను. లేదు. అప్పుడు నా కళ్లు బోర్లా పడి ఉన్న ఆ రెండు ప్రైజుల మీదికి పోయాయి.

సపోర్టర్ రకం కార్డు టర్నుకు ఒకటే వేయాలి, అయోనోతో ఆ మోజు తీరిపోయింది. ముందే వెతికి ఉంటే డస్‌క్లాప్స్ లేదని తెలిసేది. అప్పుడు అయోనో బదులు బాసెస్ ఆర్డర్స్ అనే ఇంకో సపోర్టర్ తెచ్చుకుని, అతని బెంచ్ మీద తీరిగ్గా కూర్చున్న ఫెజాండిపిటి ఈఎక్స్‌ని ముందుకు లాగేవాణ్ణి. దాని ప్రాణం 210. దానికీ రెండు ప్రైజులే. అసలు మొదటిసారి డెక్ వెతికినప్పుడే ఏవేవి లేవో లెక్క పెట్టుకోవాలని మేనల్లుడికి నాలుగు నెలలుగా పాఠం చెబుతున్నది నేనే.

300 కొట్టాను. డ్రాగాపల్ట్ ఇరవైతో నిలబడింది. అంతకుముందే 200 దెబ్బ తిని ఉన్న నా చారిజార్డ్‌కి ఇంకో 200 పడింది. చేతులు కలుపుకున్నాం. పక్క టేబుల్ నుంచి మావాడు నా ప్రైజులు తిప్పి చూసి, "మామా, ఇక్కడుంది" అని డస్‌క్లాప్స్ ఎత్తి చూపించాడు. అవసరమా?

మధ్యాహ్నం మెస్సులో భోజనం 120. పప్పు, గోంగూర, వేడి వేడి అన్నం, అడిగినన్నిసార్లు చారు. పోటీవాళ్లు 150కి ఇచ్చిన బిర్యానీ పొట్లం కంటే మూడంతలు నయం, కాకపోతే పోయి రావడానికి నలభై నిమిషాలు. తిని వచ్చి కూర్చుంటే నాలుగో రౌండులో నేను మొదట తీసిన ఏడు కార్డుల్లో, ఆట మొదలుపెట్టడానికి కావలసిన బేసిక్ పోకెమాన్ ఒక్కటీ లేదు. చూపించి, కలిపి, మళ్లీ తీశాను. లేదు. మూడుసార్లు. ప్రతిసారీ ఎదుటివాడు ఒక్కో కార్డు అదనంగా తీసుకున్నాడు. ఓడిపోయాను. ఐదో రౌండులో ప్రత్యర్థి కావలి పోయే రైలుకు టైమైందని వెళ్లిపోయాడు. మూడు పాయింట్లు ఊరికే వచ్చాయి.

నాకు మొత్తం 7. మావాడికి 9, ఏడో స్థానం, బహుమతిగా రెండు బూస్టర్ పాకెట్లు (కొత్త కార్డులుండే పాకెట్లు). చేతిలోని ఎనర్జీలు పారేసి ఒక్కోదానికి 50 చొప్పున కొట్టడమే ఆ గోల్డెంగో పని. వాడికి దాచుకోవడం చేతకాదు కాబట్టి డెక్ వాడికి సరిగ్గా కుదిరింది.

పోటీ అయ్యేసరికి చీకటి పడింది. చెన్నై నుంచి తిరిగొచ్చే పినాకిని ఎక్స్‌ప్రెస్ రైలు ఎప్పుడో వెళ్లిపోయింది. ఆదివారం పోటీకి వచ్చేవాళ్లు దాని మీద ఆశ పెట్టుకోవద్దు. ఆర్టీసీ బస్టాండు బయట ఒక హోటల్లో చేపల పులుసు వాసన రోడ్డు దాకా వచ్చింది. మామిడికాయ వేసిన నెల్లూరు పులుసు. కార్తీకం అని నేను ఒక్క క్షణం ఆగాను, మావాడు ఆగలేదు. ఎదురుగా కూర్చుని చూస్తూ ఉండలేక నేనూ ఒక ప్లేటు చెప్పాను. బస్సులో కాళ్లు చాపుకోవడానికి చోటు లేదుగానీ పది నిమిషాలకొకటి దొరికింది, సీటు కోసం కొట్టుకోనక్కర్లేదు.

ఇద్దరికీ కలిపి మొత్తం ఖర్చు 3,600 దాకా అయింది, స్లీవ్‌లు, అమ్మకు కొన్న అరకిలో మలై కాజా కలుపుకుని. మళ్లీ పోతే ఆ ఏసీ గదే తీసుకుంటాను, బల్ల ఉందో లేదో ఫోనులోనే అడుగుతాను. డెక్ బాక్సులో వేయడానికి కొత్త చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు ఇప్పటికే దాస్తున్నాను.

రాత్రి తలుపు తీస్తూ అమ్మ, "ఏం తిన్నార్రా?" అంది.

"మలై కాజా" అన్నాడు మావాడు, బ్యాగులోంచి డబ్బా తీసి ఇస్తూ.