ఇంగ్లండ్‌లో కొత్త ఇల్లు కొంటున్నారా? ఎక్స్‌ఛేంజ్‌కీ కంప్లీషన్‌కీ మధ్య గ్యాప్‌తో జాగ్రత్త

మేం కొన్నది మిల్టన్ కీన్స్‌లో. ఇంకా గోడలు లేస్తున్న ఇల్లు, నేరుగా బిల్డర్ దగ్గరే తీసుకున్నాం. ధర 4,10,000 పౌండ్లు. 2024 అక్టోబరులో ఎక్స్‌ఛేంజ్ (ఇద్దరూ సంతకం పెట్టిన కాంట్రాక్టులు మార్చుకోవడం) అయింది. ఫిబ్రవరి ఆఖరుకల్లా తాళాలు ఇచ్చేస్తామన్నారు. ఇచ్చింది జూన్‌లో. ఆ నాలుగు నెలల ఆలస్యం వల్ల మేం అదనంగా సర్దాల్సి వచ్చింది 19,000 పౌండ్లు. బిల్డర్ పేరు రాయను. పేరు కన్నా కాంట్రాక్ట్‌లో ఏముందో తెలిస్తేనే మీకు ఉపయోగం.

మన ఊళ్లో అగ్రిమెంట్ రాసుకుని బయానా ఇచ్చాక కూడా మాట మార్చేవాళ్లుంటారు, పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి తేల్చుకుంటాం. ఇంగ్లండ్, వేల్స్‌లో ఆ బేరాలు ఎక్స్‌ఛేంజ్ వరకే. ముందు రోజు ఎవరు తప్పుకున్నా అడిగే దిక్కు లేదు. ఎక్స్‌ఛేంజ్ అయ్యాక మాత్రం ఇద్దరూ కట్టుబడాల్సిందే. కొనేవాళ్లు సాధారణంగా 10 శాతం డిపాజిట్ కడతారు, మాది 41,000. మిగతా డబ్బు కట్టి తాళాలు తీసుకునే రోజు కంప్లీషన్. పాత ఇళ్లకు ఈ రెంటి మధ్య మామూలుగా కొద్ది వారాలే ఉంటాయి. ఇంకా కడుతున్న ఇళ్లకు నెలల తరబడి సాగుతుంది, చిక్కంతా అక్కడే.

మా కాంట్రాక్ట్‌లో కంప్లీషన్ తేదీయే లేదు. ఇల్లు పూర్తయ్యాక నోటీసు ఇస్తాం, 10 పనిదినాల్లో డబ్బు కట్టాలి అని ఉంది. ఫిబ్రవరి అన్నది సేల్స్ ఆఫీసులో కాఫీ ఇస్తూ చెప్పిన మాట. ఆ మాట నమ్మి జనవరిలోనే అద్దె ఇంటికి నోటీసు ఇచ్చేశాను, తర్వాత ఓనర్‌ను బతిమాలుకుని మళ్లీ అక్కడే ఉన్నాం. కాంట్రాక్ట్‌లో ఉన్న అసలు తేదీ ఒక్కటే: లాంగ్ స్టాప్ డేట్, అంటే బిల్డర్ ఇల్లు పూర్తి చేయడానికి ఆఖరి గడువు. అది దాటితేనే మనం డిపాజిట్ వెనక్కి తీసుకుని తప్పుకోగలం. మాకు రాసింది 2025 డిసెంబరు. మా మార్ట్‌గేజ్ ఆఫర్ (ఇంటి లోను ఇస్తామని బ్యాంకు రాసిచ్చిన మాట) గడువేమో మార్చి మధ్యకే అయిపోతుంది. అంటే తొమ్మిది నెలల పాటు లోను చేతిలో లేకుండా ఇల్లు కొనడానికి సంతకం పెట్టాం. బిల్డర్ సూచించిన సొలిసిటర్‌నే (కొనుగోలు కాగితాలు చూసే లాయర్) పెట్టుకున్నాం, ఆయన ఈ రెండు తేదీల సంగతి ఎత్తలేదు. మేమూ అడగలేదు.

మార్చిలో ఆఫర్ పొడిగించమంటే బ్యాంకు కుదరదంది, మళ్లీ మొదటినుంచి అప్లై చేసుకోమంది. అప్పటికి మా ఆవిడ మెటర్నిటీ లీవులో ఉంది. తిరిగి ఉద్యోగంలో చేరే తేదీతో ఆఫీసు నుంచి లెటర్ తెస్తే గానీ ఆమె జీతం లెక్కలోకి తీసుకోలేదు. ఆ తర్వాత వాల్యుయేషన్. వాళ్ల సర్వేయర్ 3,95,000 అని తేల్చాడు. బ్యాంకు ఇచ్చేది దాని మీద 90 శాతం, అంటే 3,55,500. మనం బిల్డర్‌కి కట్టాల్సింది మాత్రం పాత ధరే. డిపాజిట్ పోను ఇంకా 13,500 తక్కువ పడింది.

ఆ 19,000లో మిగతా 5,500 స్టాంప్ డ్యూటీ. ఇది లెక్కగట్టేది ఎక్స్‌ఛేంజ్ రోజును బట్టి కాదు, మామూలుగా కంప్లీషన్ రోజును బట్టి. 2025 మార్చి 31 వరకూ మొదటిసారి కొనేవాళ్లకు 4,25,000 దాకా సున్నా. ఏప్రిల్ 1 నుంచి 3,00,000 దాకానే, ఆ పైన 5 శాతం. ఫిబ్రవరిలో ఇచ్చి ఉంటే పైసా పడేది కాదు. (హైదరాబాద్‌లోనో విజయవాడలోనో మీ పేరున ఫ్లాట్ ఉంటే ఈ రాయితీ అసలు రాదు, పైగా అదనంగా 5 శాతం పడే అవకాశం ఉంది. ఇండియాలో ఆస్తి ఇక్కడ లెక్కలోకి రాదనుకునేవాళ్లు చాలామందే ఉన్నారు.)

డబ్బు కోసం నాన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ బద్దలు కొట్టి పంపారు. పంపడం ఒక్క రోజు పని, దాన్ని ఇక్కడ ఒప్పించడం వారం పని. తిరిగి ఇవ్వక్కర్లేదని నాన్న సంతకంతో గిఫ్ట్ లెటర్, ఆయన బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆ ఎఫ్‌డీలోకి డబ్బెలా వచ్చిందో ఆధారాలు, అన్నీ సొలిసిటర్ అడిగారు. అవతల 10 పనిదినాలు కరిగిపోతున్నాయి. కట్టలేకపోతే 41,000 పోవడమే కాదు, ఇల్లు తక్కువ ధరకు వేరేవాళ్లకు అమ్మితే ఆ తేడా కూడా మన మీద వేయొచ్చు. ఆ రెండు వారాలు నిద్ర లేదు, ఒకటే టెన్షన్.

పాత ఇల్లు కొంటూ ఎక్కువ గ్యాప్‌కు ఒప్పుకునేవాళ్లకు ఇంకో సంగతి: అక్కడ కాంట్రాక్టుల్లో మామూలుగా వాడే షరతుల (స్టాండర్డ్ కండిషన్స్) ప్రకారం ఎక్స్‌ఛేంజ్ నుంచే ఇంటి రిస్కు కొనేవాళ్లది. పైపు పగిలినా నిప్పంటుకున్నా మీరు కొనక తప్పదు. ఇన్సూరెన్స్ ఆ రోజు నుంచే ఉండాలి. గ్యాప్ నెలల్లో ఉంటే మీ కాంట్రాక్ట్‌ను ల్యాండ్ రిజిస్ట్రీలో (ఆస్తి హక్కులు నమోదు చేసే ప్రభుత్వ ఆఫీసు) నోటీసుగా నమోదు చేయమని సొలిసిటర్‌ను అడగండి.

ఈ వారం సంతకం పెట్టబోతున్నవాళ్లు మార్ట్‌గేజ్ ఆఫర్ గడువు, లాంగ్ స్టాప్ డేట్ ఒకే కాగితం మీద పక్కపక్కన రాసుకోండి. మొదటిది ముందొస్తే ఎక్స్‌ఛేంజ్ ఆపి, లాంగ్ స్టాప్ డేట్‌ను ఆఫర్ గడువు కన్నా ముందుకు తెమ్మని సొలిసిటర్‌తో ఈమెయిల్లో అడిగించండి. లేదా ఆఫర్ పొడిగించే బ్యాంకు చూసుకోండి. సేల్స్ ఆఫీసువాళ్లు మొహం మాడ్చుకుంటారు, మీ ప్లాటు కోసం ఇంకో పార్టీ కాచుకుని ఉందంటారు. మాకూ అదే చెప్పారు. మా పక్క ప్లాటు మేం ఇంట్లోకి దిగేనాటికి కూడా అమ్ముడుపోలేదు.