చలికాలంలో ఎరువు: పెంటకుప్పా, ఎర్రల తొట్టా?

డిసెంబరు పొద్దున మా పెంటకుప్పలో చెయ్యి మూరెడు లోపలికి పెడితే చురుక్కుమంది. పైన మంచు, లోపల ఆవిరి. పక్కనే ఎర్రల తొట్టి మాత్రం చల్లగా ఉంది, వానపాములన్నీ అడుగున ముద్దకట్టి ఉన్నాయి.

ఖర్చు: కుప్పకు పెద్దగా ఏమీ కాదు. పేడ, వరిగడ్డి, ముక్కలు కొట్టిన పత్తికట్టె చాలు. తొట్టికి ఇటుకలు, నీడ కావాలి, ఎర్రలు కొనాలి.

కష్టం: కుప్పను పారతో తిరగెయ్యాలి, నడుము పట్టేస్తుంది. తొట్టికి తడి చూసుకుంటే సరి.

చలి: అసలు తేడా ఇక్కడే. సూక్ష్మజీవులు చెత్తను తింటూ వేడి పుట్టిస్తాయి. కుప్ప మీటరు ఎత్తు, మీటరు వెడల్పు ఉంటే ఆ వేడి లోపలే నిలిచి 55 డిగ్రీలు దాటుతుంది, కలుపు గింజలు కూడా చస్తాయి. చిన్న కుప్ప అయితే చల్లారిపోతుంది. ఎర్రలకు 15 నుంచి 25 డిగ్రీలు హాయి. 10కి దిగితే తిండి బాగా తగ్గిస్తాయి, గోనెసంచులు కప్పాల్సిందే.

చలి ఒక్కటే అడ్డు కాదు, నత్రజని కూడా చాలాలి. 1989లో అలాస్కా తీరంలో ముడిచమురు ఒలికినప్పుడు, ఆ చలిలోనే బతికే బాక్టీరియాకు నత్రజని, భాస్వరం ఎరువు చల్లారు, అవి చమురును త్వరగా తిన్నాయి. కట్టె ఎక్కువైన కుప్పకూ అదే మందు: పేడనీళ్లు, పశువుల మూత్రం.

పశువులుండి, పొలానికి బండ్లకొద్దీ ఎరువు కావాలంటే కుప్పే. కూరగాయల తొక్కలు, మిద్దె మీద నాలుగు కుండీలు ఉన్న వరంగల్ ఇంటికి తొట్టి మేలు. ఆదిలాబాద్ వైపు వాళ్లు మాత్రం ఎర్రలను సంక్రాంతి దాటాకే తెచ్చుకోండి.