శాడిల్‌లో ఒక విల్లు సీజన్: ఒహాయో కొండల్లో చెట్లెక్కి తెలుసుకున్నవి

ఒహాయోలో విల్లుతో జింకల వేట సెప్టెంబరు చివర్లో మొదలై ఫిబ్రవరి మొదటి ఆదివారం దాకా నడుస్తుంది. పోయిన సీజన్ మొత్తం నేను శాడిల్‌లోనే కూర్చున్నాను. శాడిల్ అంటే నడుముకీ తొడలకీ కట్టుకునే గట్టి నైలాన్ పట్టీల కూర్పు. దాని ముందువైపు బ్రిడ్జి అనే చిన్న తాడు ఉంటుంది. చెట్టు చుట్టూ బిగించిన టెదర్ అనే మరో తాడుకి ఆ బ్రిడ్జిని కారాబైనర్ అనే లోహపు కొక్కెంతో తగిలిస్తే, చెట్టు వైపు ముఖం పెట్టి వెనక్కి వాలి వేలాడుతూ కూర్చోవచ్చు. కాళ్ల కింద అడుగు వెడల్పున్న అల్యూమినియం ప్లాట్‌ఫారం. ఎక్కడానికి నాలుగు క్లైంబింగ్ స్టిక్స్, అంటే చెట్టుకి పట్టీతో బిగించే మెట్ల కడ్డీలు. మంచె మొత్తం ఇంతే, వీపు మీద సంచిలో పట్టేస్తుంది.

అంతకుముందు కొన్నేళ్లు ఒక రైతు పొలం గట్టున నిలబెట్టిన నిచ్చెన స్టాండ్‌లో కూర్చునేవాణ్ణి. దానికి వీపు ఆనించుకునే కుర్చీ, చేతులు పెట్టుకునే కమ్మీ, అన్నీ ఉన్నాయి. సుఖానికి అదే మేలు, ఇప్పటికీ అదే మాట అంటాను. కానీ ఆ చెట్టు పడమటి గాలికి మాత్రమే పనికొస్తుంది. తూర్పు గాలి వీచే శనివారం నా వాసన నేరుగా జింకలు నడిచే దారి మీదికే పోతుంది. ఉద్యోగం చేసుకునేవాడికి దొరికేది ఆ ఒక్క శనివారమే కాబట్టి మనసు ఊరుకోదు, వెళ్లి కూర్చోవాలనిపిస్తుంది. అలా కూర్చున్నకొద్దీ జింకలు ఆ చెట్టును గుర్తుపెట్టుకుంటాయి. శాడిల్ వచ్చాక ఈ బాధ తీరింది. ఉదయం గాలి చూసి చెట్టు ఎంచుకుంటాను, సాయంత్రానికి గాలి తిరిగితే ఇంకో చెట్టెక్కుతాను. నేను పెట్టిన డబ్బుకి అసలు ప్రతిఫలం ఇదే. మిగతావన్నీ దీని తర్వాతే.

ఆగ్నేయ ఒహాయోలో, వెయిన్ నేషనల్ ఫారెస్ట్ వైపు, నేలంతా కొండలూ లోయలూ. అక్కడ వాతావరణ సూచనలో చెప్పే గాలి ఒకటి, లోయలో తిరిగే గాలి ఇంకొకటి. పొద్దున ఎండ తగిలి నేల వేడెక్కేకొద్దీ గాలి వాలు మీదుగా పైకి పాకుతుంది. పొద్దు వాలాక చల్లబడి బరువెక్కి నీళ్లలాగే కిందికి జారుతుంది. అందుకని ఉదయం జింకల దారికి పైన, సాయంత్రం ఆ దారికి కిందివైపు చెట్టు చూసుకుంటాను. గాలిని పరీక్షించడానికి బజారులో పొడి సీసాలు అమ్ముతారు. నాకు మిల్క్‌వీడ్ దూదే నచ్చింది. మన జిల్లేడు కుటుంబానికి చెందిన మొక్కే అది, సెప్టెంబరులో రోడ్ల పక్కన కాయలు దొరుకుతాయి. ఒక పోగు వదిలితే చాలా దూరం కనిపిస్తూ పోతుంది. పొడి పది అడుగుల్లోనే కనిపించకుండా పోతుంది, ఆపైన గాలి ఎటు తిరిగిందో దానివల్ల తెలియదు. ఒక సాయంత్రం ఈ దూది నా ముందు నుంచి పొలం వైపు పోయి, అక్కడ గిర్రున తిరిగి, వాగులోకి దిగిపోవడం కళ్లారా చూశాను. జింకలు రోజూ వచ్చేది ఆ వాగులోంచే. వెంటనే దిగి వాగుకి అవతలి గట్టున ఉన్న తులిప్ పాప్లర్ ఎక్కాను. నిచ్చెన స్టాండ్‌లో ఉంటే ఆ పూట ఇంటికి వెళ్లిపోవడం తప్ప చేసేదేమీ ఉండదు.

ఇక ఎక్కడం. ఎవరు అడిగినా ముందు దీని గురించే చెప్తాను. నేల మీద ఉండగానే లైన్‌మన్ తాడును చెట్టు చుట్టూ తిప్పి నడుముకి రెండు పక్కలా తగిలించుకోవాలి. కరెంటు స్తంభం ఎక్కే లైన్‌మన్ ఎలా వాలి నిలబడతాడో అలాగే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. మొదటి స్టిక్ బిగించి, దాని మీద నిలబడి, రెండోది బిగించాలి. మధ్యలో కొమ్మ అడ్డం వస్తే లైన్‌మన్ తాడు విప్పకముందే టెదర్‌ను కొమ్మకి పైన కట్టి, శాడిల్‌కి తగిలించి, బరువు వేసి చూసుకుని, అప్పుడు మాత్రమే మొదటిది విప్పి పైకి మార్చుకోవాలి. ఏ క్షణంలోనైనా ఒక తాడు మనల్ని పట్టుకుని ఉండాల్సిందే. దిగేటప్పుడూ ఇదే వరస. చీకట్లో, చేతులు కొంకర్లు పోయి, ఆకలితో దిగేటప్పుడే తొందర పుడుతుంది కాబట్టి దిగడం మీద ఇంకా ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. విల్లు పట్టుకుని ఎప్పుడూ ఎక్కకూడదు. కింద తాడుకి కట్టి వదిలి, పైన కుదురుకున్నాక లాక్కోవాలి.

టెదర్ విషయంలో ఒక మాట. ఈ తాడు పెద్దగా సాగదు. అది వదులుగా ఉన్నప్పుడు కాలు జారితే, రెండు అడుగులే పడినా నడుము మీద గట్టి దెబ్బే. అందుకే టెదర్ కట్టిన ఎత్తును దాటి పైకి పోకూడదు, ప్రూసిక్ ముడిని (చేత్తో జరిపితే జరిగి, బరువు పడితే బిగుసుకునే ముడి) జరుపుతూ తాడు ఎప్పుడూ బిగువుగా ఉంచుకోవాలి. మామూలు స్టాండ్ వాడేవాళ్లు నేల నుంచి పై దాకా లైఫ్‌లైన్ అనే తాడు కట్టుకుని, దాని మీద ప్రూసిక్ జరుపుకుంటూ ఎక్కితే అదే రక్షణ. వాళ్లు ఒంటికి కట్టుకునే రక్షణ పట్టీల హార్నెస్‌తో, వీపు వైపు నుంచి వేలాడాల్సి వస్తే తొడల దగ్గర పట్టీలు నొక్కి రక్తం కాళ్లలోనే నిలిచిపోతుంది, నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది. కాళ్లు ఆనించుకునే చిన్న పట్టీ జేబులో ఉండాలి. ఫోన్ సంచిలో కాకుండా ఛాతీ జేబులో ఉండాలి. నేను ఏ చెట్టు ఎక్కానో మ్యాప్‌లో గుర్తు పెట్టి ఇంటికి పంపుతాను. మా ఆవిడ పెట్టిన నియమం ఒకటే: "కిందికి దిగాక మెసేజ్ పెట్టండి. అప్పటిదాకా నాకు టెన్షనే." ఆ మెసేజ్ ఒక్కసారి కూడా మానలేదు.

చెట్టు ఎంపికలో యాష్ చెట్లకు దూరంగా ఉండండి. ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పచ్చ పురుగు 2003లో ఒహాయోలో బయటపడింది, అప్పటి నుంచి యాష్ చెట్లను నిలువునా చంపుతోంది. నిటారుగా, కొమ్మల్లేకుండా, చూడ్డానికి మంచెకి సరిపోయినట్టే ఉంటాయి. కానీ చచ్చిన యాష్ పెళుసు, పైన కొమ్మ ఎప్పుడు విరుగుతుందో చెప్పలేం. షాగ్‌బార్క్ హికరీ బతికే ఉన్నా బెరడు పలకలుగా ఊడుతుంది, స్టిక్ పట్టు చిక్కదు, చప్పుడు కూడా. తులిప్ పాప్లర్, వైట్ ఓక్ నాకు బాగా కుదిరాయి. వైట్ ఓక్ కాయలకు చేదు తక్కువ, రాలిన వెంటనే జింకలు వస్తాయి. రెడ్ ఓక్ కాయలు చేదు, వాటిని తర్వాతకి వదిలేస్తాయి. అక్టోబరు మొదట్లో కాయలు రాలుతున్న వైట్ ఓక్ ఒక్కటి దొరికితే పొలాల్లో తిరిగే పనే ఉండదు. ప్రభుత్వ అడవుల్లో చెట్టుకి మేకులు, మర మెట్లు దిగ్గొట్టడం నిషేధం కాబట్టి పట్టీతో బిగించే స్టిక్స్ తప్పనిసరి కూడా.

ఎంత ఎత్తు? పాతికా ముప్ఫై అడుగులు ఎక్కాలనేవాళ్లు చాలామంది. నేను పదిహేను నుంచి పద్దెనిమిది దగ్గర ఆగిపోతాను. ఇరవై అడుగుల ఎత్తు నుంచి ఇరవై గజాల అవతల ఉన్న జింకకి బాణం దూరం దాదాపు ఇరవై ఒక్క గజాలు, తేడా గజమే. కానీ పాతిక అడుగులెక్కి ఎనిమిది గజాల్లో ఉన్న జింకని చూస్తే కోణం నలభై ఐదు డిగ్రీలు దాటుతుంది. అంత నిలువుగా దిగే బాణానికి రెండు ఊపిరితిత్తులూ దొరకవు, ఒకటే తెగుతుంది. ఒక ఊపిరితిత్తితో జింక మైళ్లు పోగలదు. ఆ బాధ దానికి పెట్టే హక్కు మనకి లేదు. శాడిల్‌లో చెట్టు బోదె మనకీ జింకకీ మధ్య ఉంటుంది కాబట్టి దాక్కోవడానికి ఎత్తు అంతగా అక్కర్లేదు.

దూరం విషయంలోనూ నేను గట్టిగానే ఉంటాను. ఇరవై గజాలు దాటితే తీగ లాగను. నా విల్లు బాణం సెకనుకి 280 అడుగుల దాకా పోతుంది, శబ్దం 1,100 అడుగులు. ముప్ఫై గజాల్లో తీగ చప్పుడు జింక చెవిని చేరాక బాణం రావడానికి పావు సెకను పడుతుంది. ఎగరడానికి ముందు జింక కిందికి కుంగుతుంది, ఆ పావు సెకనులో బాణం దాని వీపు మీదుగా పోవచ్చు, లేదా తగలకూడని చోట తగలవచ్చు. పదిహేను గజాల్లో దానికి ఆ వ్యవధి సగమే.

అక్టోబరు నెలాఖరులో ఒక ఆడజింక అలా పద్నాలుగు గజాల్లోకి వచ్చింది. కుడిచేతి వాటం వాళ్లకి శాడిల్‌లో ఎడమ వైపు తేలిక, కుడి వైపు కష్టం. అందుకే దారి ఎడమకి వచ్చేలా చెట్టు మీద కుదురుకుంటాను. అది కాయలు కొరుకుతూ తల ఒక బోదె వెనక్కి పోయేదాకా ఆగి తీగ లాగాను. నడుము దగ్గర వంగాను, భుజాలు కదిలించలేదు. ముందుకాలు ఒక అడుగు వేసింది, పక్కటెముకలు పూర్తిగా కనిపించాయి, వదిలాను. నేలలో గుచ్చుకున్న బాణం మీద నెత్తురు లేత ఎరుపు, సన్నటి నురగ. ఊపిరితిత్తులు. అయినా అరగంట చెట్టు మీదే ఉన్నాను. నెత్తురు ముదురుగా ఉంటే కాలేయం, నాలుగు గంటలు ఆగాలి. పచ్చగా, పేడ వాసన వస్తే పేగులు, రాత్రంతా వదిలేయాలి. వెంటపడితే గాయపడ్డ జింక లేచి పోతుంది, ఇక దొరకదు. ఇది డెబ్భై గజాల్లోనే పడిపోయి ఉంది.

శాడిల్ మీద నాకున్న ఫిర్యాదులు రాయకపోతే ఇది సమీక్ష కాదు. మొదటి నెల తుంటి ఎముకల దగ్గర బాగా నొక్కింది. బ్రిడ్జిని పొడుగు చేసి, టెదర్‌ని నుదుటి ఎత్తున కట్టాక చాలావరకు తగ్గింది, పూర్తిగా పోలేదు. మోకాళ్లు చెట్టుకి ఆనతాయి, ప్యాడ్లు లేకుండా కూర్చోలేం. నాలుగు గంటలు దాటితే అరికాళ్లు మండుతాయి. జనవరిలో అల్యూమినియం మీద నిలబడితే చలి బూట్లలోంచి పైకి పాకుతుంది, పాత యోగా మ్యాట్ ముక్క ప్లాట్‌ఫారానికి అంటించాను. స్టిక్స్ ఒకదానికొకటి తగిలి గణగణమంటాయి, అన్నిటికీ బట్ట టేపు చుట్టాల్సి వచ్చింది. నా ప్లాట్‌ఫారం బకిల్ చలికి గడ్డకట్టి విడివడనంటుంది, ఆ కంపెనీకి రాస్తే జవాబు లేదు. సంచి బరువు పదిహేను పౌండ్ల పైనే, నిట్టనిలువు కొండ ఎక్కితే చెమట, చెమట అంటే మళ్లీ వాసన. జాకెట్ వీపున కట్టుకుని, బనీనుతో నడిచి, చెట్టు కింద తొడుక్కుంటాను. వేట బట్టలు వంటింటికి దూరంగా గరాజులో డబ్బాలో ఉంటాయి. ఇంగువ పోపు వాసన నూలులో ఎంతకాలం నిలుస్తుందో మనకి తెలిసిందే.

నవంబరు మొదటి ఆదివారం గడియారాలు వెనక్కి తిప్పుతారు, కొలంబస్‌లో ఐదున్నర లోపే పొద్దు గూకుతుంది. ఆఫీసు అయ్యాక సాయంత్రం వేట అంతటితో సరి. సరిగ్గా జతకట్టే కాలం జోరు మీదున్నది అప్పుడే కాబట్టి, సెలవులు ఆ రెండు వారాలకి దాచుకోండి.

మనవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది చట్టం గురించి. ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింకను వేటాడటం నేరం, అలా ఉండటమే సరైంది. ఇక్కడి కథ వేరు. 1904 నాటికి ఒహాయోలో తెల్లతోక జింక ఒక్కటీ మిగల్లేదు. బయటి నుంచి తెచ్చి వదిలి, పెంచి, 1943లో మళ్లీ సీజన్ తెరిచారు. తోడేళ్లు, ప్యూమాలు లేని నేల మీద ఇప్పుడు ఏటా రెండు లక్షలకు పైగా జింకలను లెక్క ప్రకారం వేటాడుతున్నారు. మొదటిసారి మామూలు లైసెన్సు కొనాలంటే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి, జింకకి పర్మిట్ వేరుగా కొనాలి. ఆరు నెలలుగా ఒహాయోలో ఉంటే స్థానికుల రేటే. వీసా మీద ఉన్నవాళ్లకి తుపాకీ దగ్గర పెట్టుకోవడం మీద ఫెడరల్ ఆంక్షలున్నాయి, విల్లు వాటి కిందికి రాదు. ఒకరి పొలంలో వేటకి రాతపూర్వక అనుమతి ఉండాలి. తుపాకీ సీజన్ రోజుల్లో విల్లు పట్టినవాళ్లు కూడా నారింజ రంగు తొడుక్కోవాలి. కొట్టిన జింకని మర్నాడు మధ్యాహ్నం పన్నెండు లోపు నమోదు చేయాలి.

మాంసంలో కొవ్వు తక్కువ, ఉన్న కొవ్వు నోట్లో మైనంలా అంటుకుంటుంది, తీసేయాలి. భుజం ముక్క గోంగూరతో కుక్కర్‌లో నెమ్మదిగా ఉడికితే మేక మాంసానికి తీసిపోదు. నడుము దగ్గరి మెత్తటి ముక్కని మాత్రం పెనం మీద అటు ఇటు తిప్పి దించేయాలి, ఎక్కువ ఉడికితే రబ్బరే. 2020లో వయాండాట్ కౌంటీలో అడవి జింకల్లో సీడబ్ల్యూడీ (క్రానిక్ వేస్టింగ్ డిసీజ్) అనే, జింకల మెదడును దెబ్బతీసే జబ్బు బయటపడింది కాబట్టి ఆ చుట్టుపక్కల కొట్టింది పరీక్ష చేయించకుండా తినొద్దు.

ఖర్చు మొత్తం తొమ్మిది వందల డాలర్ల దాకా అయింది, విల్లు కాకుండా. డబ్బు చాలకపోతే స్టిక్స్ పాతవి కొనండి, ప్లాట్‌ఫారం పాతది కొనండి. శాడిల్, టెదర్, లైన్‌మన్ తాడు, కారాబైనర్లు మాత్రం కొత్తవే కొనాలి, ఎంత తెలిసినవాళ్లు ఇచ్చినా పాత తాడు వద్దు. నా టెదర్ ప్రూసిక్ ముడి జరిగే చోట నూగు లేచింది. ఆగస్టులో దాన్నీ, బ్రిడ్జినీ మార్చేసి, ఇంటి వెనక మేపుల్ చెట్టుకి నేల నుంచి రెండు అడుగుల ఎత్తులో కట్టుకుని, సీజన్ మొదలయ్యేలోపు కుడి వైపు షాట్ సాధన చేయాలి.