క్లార్క్ టిన్ విజిల్ మీద స్కార్‌బరో ఫెయిర్

మూడు నెలలుగా క్లార్క్ ఒరిజినల్ టిన్ విజిల్ వాయిస్తున్నాను, ఆరు రంధ్రాల చిన్న రేకు పిల్లనగ్రోవి, డి శ్రుతిది. కొన్నది ఒక్క పాట కోసం, స్కార్‌బరో ఫెయిర్ అనే ఇంగ్లిష్ జానపద గీతం కోసం. ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్ తీరంలోని స్కార్‌బరో సంతకు 1253లో రాజు మూడో హెన్రీ అనుమతి పత్రం ఇచ్చాడు. ఆ సంత ఎప్పుడో ఆగిపోయింది, దాని పేరు మాత్రం ఈ జానపద గీతంలో నిలిచిపోయింది.

రాబర్ట్ క్లార్క్ 1843లో మొదలుపెట్టిన తీరు ఇప్పటికీ మారలేదు: తగరపు పూత రేకును గొట్టంగా చుట్టడం, ఊదే చోట చిన్న చెక్కముక్క బిగించడం. గొట్టం కిందికి పోయేకొద్దీ సన్నబడుతుంది. నాదంలో ఊపిరి చప్పుడు బాగా వినిపిస్తుంది. అది గిట్టనివాళ్లున్నారు, నాకు మాత్రం ఈ పాటకు అదే అందం.

సంగీతం కొంచెం వచ్చినవాళ్లకు అసలు సంగతి చెప్పాలి. ఈ పాట స్వరాలు మన ఖరహరప్రియ రాగానివే. పై నుంచి ఐదు రంధ్రాలు మూస్తే వచ్చే E స్వరాన్ని షడ్జమం అనుకోండి. మొదటి పాదం స స ప ప ప రి గ రి స. రెండోది ప ని స ని ప ద మ ప. ఆ 'ద' దగ్గరే పాట రంగు ఉంది. అక్కడ ఆరు వేళ్లూ లేపెయ్యాలి, విజిల్ బొటనవేళ్ల మీద, పెదవుల మీద నిలవాలి. జారిపోతుందని భయపడి మొదటి వారం రెండు రంధ్రాలు మూసి వాయించాను. స్వరం అర మెట్టు దిగి, పాట నఠభైరవి రాగంలోకి వెళ్లిపోయింది. కుడి చిటికెన వేలు గొట్టానికి ఆనించి ఉంచడం అలవాటయ్యాకే 'ద' తన చోట పలికింది.

పై స్థాయి షడ్జమానికి కాస్త గట్టిగా ఊదితే చాలు, వేళ్లు మార్చక్కర్లేదు. కష్టం కింద ఉంది. చివరి పాదం ని స అని ముగుస్తుంది, ఆ మంద్ర నిషాదం ఈ విజిల్‌లో అన్నిటికంటే కింది స్వరం. ఆరు రంధ్రాలూ పూర్తిగా మూసుకోవాలి. ఉంగరం వేలు వెంట్రుకవాసి కదిలినా కీచుమంటుంది. గట్టిగా ఊదితే పై స్థాయికి ఎగిరిపోతుంది. చలిగాజు మీద ఆవిరి పట్టించేంత మెల్లగా ఊదాలి.

పదిమందిలో పెద్దగా వినిపించాలంటే ఇది సరిపోదు. ఒంటరిగా, నిదానంగా, మూడేసి లెక్కలో ఈ పాట నేర్చుకునేవాళ్లకు నిస్సంకోచంగా కొనమంటాను. చెక్కముక్క దగ్గర తడి చేరి గొంతు పూడుకుంటే, ఊదే చోటికి కాస్త కింద గొట్టం మీదున్న కిటికీలాంటి సందును వేలితో మూసి ఒక్కసారి బలంగా ఊదండి, మళ్లీ పలుకుతుంది.